కిష్తీకి కట్టిన రస్సీ

పోయిన చలికాలంలో ఒక జుమ్మా రోజు సాయంత్రం దోహా నుంచి మా అబ్బాయి ఒక వీడియో పంపాడు. ఉప్పునీటి పాయ, రెండు పక్కలా మడచెట్లు, మధ్యలో సన్నగా పొడుగ్గా ఎర్రటి పడవ. మనం ఎరిగిన పడవ కాదు. పైన మూసేసి ఉంటుంది. మధ్యలో ఒక తొర్ర. అందులో ఒక్క మనిషి నడుము దాకా దూరి కూర్చుంటాడు. చేతిలో రెండు కొసలకూ రెక్కలున్న తెడ్డు. దాన్ని కయాక్ అంటారట. అల్ ఖోర్ దగ్గర అల్ థఖీరా అనే చోట తీసిన వీడియో. "అమ్మీ, దేఖో!" అని వాడు ఒకటే నవ్వు.

వీడియో మూడుసార్లు చూశాను. మొదటిసారి నా కొడుకును చూశాను. రెండోసారి నీళ్లను చూశాను. మూడోసారి పడవ అంచున వేలాడుతున్న తాడు కనిపించింది. ముందు నుంచి వెనక దాకా అంచు వెంబడి పోయే తాడు. నడిమధ్యన వదులై, ఉరిలాగా కిందికి జారి నీళ్లను తాకుతోంది. మగ్రిబ్ నమాజు చదివాను గానీ మనసు నమాజులో లేదు. అల్లా మాఫ్ చేయాలి. సలాం తిప్పగానే ఫోన్ చేశాను.

"ఆ రస్సీ ఎందుకురా అట్ల వేలాడుతోంది?"

"నేను కయాక్ చూపిస్తే నువ్వు తాడు చూసినావా అమ్మీ? దోస్తుది పాత కయాక్. లూజయింది. బిగించుకోవాల."

"బిగించేదాకా ఎక్కొద్దు."

వాడు నవ్వడం ఆపేశాడు. నీళ్లలోకి పోవద్దు అని అంటానని అనుకుని ఉంటాడు. ఆ మాట అనలేదు నేను. ఎందుకు అనలేదో నాకే తెలియదు. ముప్పై తొమ్మిదేళ్లుగా మా ఖాందాన్‌లో ప్రతి పిల్లకూ పిల్లోడికీ చెప్పిన మాట అదే మరి.

మాది గుమ్మఘట్ట. దూదేకులోళ్లం. మా దాదా దూదేకే విల్లు భుజాన వేసుకుని రాయదుర్గం దాకా ఊరూరా తిరిగేవాడు. అబ్బా కాలానికి పరుపులు, బొంతలు కుట్టే పని మిగిలింది. చాచా అబ్బా కంటే పదిహేనేళ్లు చిన్న. దాదీ తొందరగా పోయింది. చాచాను ఎత్తుకుని తిరిగింది, బడికి పంపింది, సూది పట్టడం నేర్పింది అంతా అబ్బానే. తమ్ముడు అనేవాడు గానీ కొడుకే.

ఊరికి దగ్గర్లోనే భైరవానితిప్ప ప్రాజెక్టు. కన్నడ దేశంలో వేదవతి అని పిలిచే ఏరు మా దగ్గరికొచ్చేసరికి హగరి. దాని మీద కట్టిన ఆనకట్ట 1961లో పూర్తయింది. పన్నెండు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టారు. ఇచ్చిన ఏళ్లు తక్కువ. మా చిన్నప్పుడు ఆ రిజర్వాయర్‌లో నీళ్ల కంటే మేకలు ఎక్కువ కనిపించేవి. పైన చిత్రదుర్గం జిల్లాలో ఇదే ఏటి మీద వాణివిలాస సాగర్ ఉంది. అది 1933లో పొంగింది, మళ్లీ పొంగింది 2022లో. మధ్యలో మూడు తరాలు పుట్టాయి. మా ఏరు ఎట్లాంటిదో చెప్పడానికి ఆ ఒక్క లెక్క చాలు. జీడిపల్లి నుంచి బీటీపీకి కాలువ వస్తుందనే మాట కూడా ఏళ్లుగా వింటూనే ఉన్నాం. సరే, ఆ కథ వేరే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. రిజర్వాయర్ నిండింది. జనం సద్ది కట్టుకుని చూడ్డానికి పోయారు. అవతలి గట్టు ఊళ్లో ఒక పెళ్లి. పెళ్లికూతురికి రెండు పరుపులు అబ్బా కుట్టాడు. చుట్టూ తిరిగిపోతే ఎద్దుల బండికి దాదాపు పూట పడుతుంది. పుట్టిలో అయితే అరగంట. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లిన పెద్ద బుట్ట. అడుగున ప్లాస్టిక్ సంచులు తొడిగి తారు పూస్తారు. పక్కనున్న కన్నడ ఊళ్లల్లో హరిగోలు అంటారు. చేపలు పట్టే ఒకాయన పుట్టి తెచ్చాడు. చాచా పరుపులతో పాటు ఎక్కాడు. పంతొమ్మిదేళ్లు. ఈత రాదు. మా ఊళ్లో ఎవరికొచ్చు గనక? ఈత నేర్చుకోవడానికి నీళ్లుండాలి కదా.

అబ్బాకు ఫికర్. పుట్టి అంచుకు ఒక తాడు చుట్టి ఉంది, చేత్తో పట్టుకోవడానికి. అది చాలదనిపించింది అబ్బాకు. పరుపుల మూట కట్టగా మిగిలిన జనపతాడు తీసి, ఒక కొస పుట్టి అంచుకు, ఒక కొస చాచా నడుముకు కట్టాడు. బిస్మిల్లా చెప్పి కట్టాడు. మూడు ముళ్లు. నేను గట్టు మీద నిలబడి చూశాను. చాచా నావైపు చూసి కన్ను కొట్టాడు, మేకను కట్టినట్టు కట్టేస్తున్నాడు మీ అబ్బా అని.

అసర్ దాటాక గాలి లేచింది. నిలబెట్టిన పరుపుకు గాలి తగిలితే అది తెరచాప అయిపోతుందని ఆ రోజు అక్కడ ఎవరికీ తోచలేదు. పుట్టి బోర్లా పడింది. పుట్టి ఆయన అంచు తాడు పట్టుకుని తేలాడు. గాలికి కొట్టుకుపోయి అవతలి గట్టుకు చేరాడు, బతికాడు. చాచా పుట్టి కింద ఉండిపోయాడు. తాడు పొడుగు రెండు బారలు. అది ఒకసారి కాలికి, ఒకసారి పుట్టి తెడ్డుకు చుట్టుకుంది. నడుము దగ్గర ముడి తడిసి బిగిసిపోయింది. బయటికి తీసినాక కూడా విప్పడానికి రాలేదు. కొడవలితో కోశారు.

జనాజా నాడు అందరూ తక్దీర్ అన్నారు. మౌత్ రాసిపెట్టి ఉంటే ఎవరు తప్పిస్తారు అన్నారు. నిజమే, మోమిన్‌కు ఆ యకీన్ ఉండాల్సిందే. కానీ ఆ మాట అంత తొందరగా అనేసినందువల్ల ఇంకో మాట ఎవరూ అడగలేదు. ఇద్దరు మనుషులు, ఒకే పుట్టి, ఒకే గాలి. తాడు పట్టుకున్నవాడు బతికాడు. తాడుకు కట్టబడినవాడు పోయాడు. అబ్బా ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత పరుపు కుట్టి చివర దారం ముడి వేసే ముందు అబ్బా చెయ్యి ఒక్క నిమిషం ఆగేది. అమ్మీ వచ్చి ఆ ముడి వేసి పోయేది. అంతే. మా ఇంట్లో ఆ విషయం గురించి జరిగిన మాటామంతీ అదొక్కటే.

ఆ రోజు నుంచి నీళ్లు మాకు మనా. చెరువు గట్టెక్కితే దెబ్బలు. నేను నా కొడుక్కీ అదే చెప్పాను. ఇప్పుడనిపిస్తుంది, అది ఎహతియాత్ కాదు, ఉత్త భయం. ఏడాదికి ఐదువందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లా మాది. కరువు సీమలో నీళ్లల్లో మునిగి చావడమేంది అని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. కరువు సీమ కాబట్టే మునుగుతాం. నీళ్లు ఎప్పుడో ఒకసారి వస్తాయి, వచ్చినప్పుడు ఈతొచ్చిన మనిషి ఉండడు, పడవ సంగతి తెలిసిన మనిషి ఉండడు, పండగలాగా ఎగబడతాం. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో ఏమైంది? శుభకార్యానికి వచ్చిన చుట్టాలు, పిల్లలు సరదాగా పడవెక్కారు. పదిమందికి పైగా పోయారు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు అబ్బా లేచి బయటికి వెళ్లిపోయాడు.

మా అబ్బాయి దోహా పోయినాక నాకు చెప్పకుండా ఈత నేర్చుకున్నాడు. తర్వాత ఒక మలబారీ దోస్తు కయాక్ నేర్పాడు. వీడియో వచ్చే దాకా నాకేమీ తెలియదు. కోపం వచ్చింది, కాసేపు. ఆ తర్వాత రోజూ ఫోన్‌లో తాడు గురించే అడిగేదాన్ని. వాడూ ఓపిగ్గా చెప్పేవాడు. కూరలో ఉప్పెంత అని వాడు నన్నడిగే రోజులు పోయి, రస్సీ మందం ఎంత అని నేను వాణ్ణి అడిగే రోజులొచ్చాయి.

బక్రీదుకు వాడు సెలవు మీద వచ్చాడు. సూట్‌కేసులో ఖజూర్, అత్తరు, వాళ్ల నానాకు ఒక జుబ్బా, వాటి అడుగున చుట్ట చుట్టిన తాడు. దోస్తు కయాక్‌కు కొత్తది వేసి పాత డెక్ లైన్ తెచ్చాడు, నాకు చూపించడానికి. పండగ మర్నాడు మధ్యాహ్నం, ఖుర్బానీ మాంసం పంచే పని ముగిసింది. అబ్బా వసారాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. మోకాళ్లు పని చేయవు, చెవి సగం వినిపిస్తుంది, కళ్లు మాత్రం చురుకు.

"ఏమిరా ఆ తాడు?"

నేను వద్దని సైగ చేసేలోపే వాడు చెప్పేశాడు. "కిష్తీ తాడు నానా. చూపిస్తా ఉండు." అంటూ మంచం చుట్టూ కట్టడం మొదలుపెట్టాడు. వాడికి చాచా కథ తెలుసు గానీ, నీళ్లలో పోయాడని మాత్రమే తెలుసు.

మంచమే కయాక్. నాలుగు కోళ్లు నాలుగు కొక్కేలు. నిజం కయాక్‌కు ఇట్లాంటి కొక్కేలు ఎక్కువ ఉంటాయట, మూరెడు దూరానికొకటి. తాడు ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి అంచు వెంబడి పోతుంది. చిటికెన వేలి కంటే సన్నం, ఐదారు మిల్లీమీటర్లు. నైలాన్ వాడకూడదు, తడిస్తే సాగి వదులవుతుంది. పాలిస్టర్ అయితే సాగదు. రాత్రి వెలుతురు పడితే మెరిసే పోగు ఒకటి అందులో కలిపి నేస్తారు.

"బోర్లా పడితే ఏం చేస్తావు?" అబ్బా అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

వాడు కింద నేల మీద కూర్చున్నాడు. "నేను నీళ్లలో ఉన్నా అనుకో నానా. ముందు ఇది పట్టుకుంటా." మంచం పట్టె పక్కన తాడు పట్టుకున్నాడు. "ఏం జరిగినా పడవ వదలకూడదు. ఖాళీ పడవ గాలికి ఉరుకుతుంది, మనిషి ఈదితే అందదు. ఖతర్‌లో షమాల్ అని ఒక గాలి ఉంది. వాయవ్యం నుంచి కొడుతుంది. మేము ఉండేది తూర్పు తీరం. అంటే ఆ గాలి మమ్మల్ని లోపలికి, నడిసముద్రంలోకి తోస్తుంది."

"షమాల్ అంటే మన షుమాల్" అన్నాను నేను. ఉర్దూలో ఉత్తరం. ఇంట్లో దిక్కు పేరుగా వాడే మాట అక్కడ భయం పేరు.

"దోస్తు ఇంకో పడవలో వచ్చి నా పడవ ముక్కు పట్టుకుంటాడు. నీళ్లు ఒంపేసి తిప్పుతాడు. తర్వాత రెండు పడవలూ పక్కపక్కన పెట్టి ఈ తాళ్లు పట్టుకుని ఆనించి ఉంచుతాడు. నేను ఇట్ల పైకి పాకుతా." మంచం మీదికి పాకి నానా పక్కన బోర్లా పడ్డాడు. అబ్బా నవ్వాడు. "ఈ తాడు గట్టిగా లేకుంటే ఆ పని కాదు."

అప్పుడు అబ్బా చెయ్యి చాచి తాడును వేలితో మీటాడు. దూదేకే విల్లు తంతిని దాదా మీటి చూసేవాడట, ఏకేముందు. వదులుగా ఉన్న తంతి దూదిని ఏకదు, దూదే దాన్ని చుట్టేసుకుంటుంది. మంచం తాడు పలకలేదు. "బిగువు లేదు" అన్నాడు. నా కొడుకు విప్పి మళ్లీ లాగి కట్టాడు. మళ్లీ మీటాడు. ఇంకా లాగించాడు. మూడోసారికి గుయ్‌మంది.

"అరచెయ్యి దూరేంత సందు ఉంటే చాలు నానా, అంతకంటే వదులుంటే కాలో చెయ్యో ఇరుక్కుంటాది."

నా వీడియోలో వేలాడిన ఉరి కళ్ల ముందు కదిలింది. ఇంకా చెప్పాడు. పట్టుకున్నప్పుడు తాడును చేతికి చుట్టుకోకూడదు, వేళ్లు ఉంగరంలో పెట్టినట్టు పెట్టకూడదు. అలకు పడవ గిర్రున తిరిగితే తాడు మెలిపడి వేళ్లు నలిగిపోతాయి. అందుకే రెండు కొసల్లోనూ పిడులుంటాయి, పిడికిలితో పట్టుకుని ఎప్పుడైనా వదిలేయడానికి. డెక్ మీద ఇంకో రకం తాళ్లు కూడా ఉంటాయి, రబ్బరువి, సాగేవి. మ్యాపు, నీళ్ల సీసా, ఇంకో తెడ్డు దాని కింద దోపుకుంటారు. కొత్తవాళ్లు తొందరలో దాన్నే పట్టుకుంటారట. సాగుతుంది, జారుతుంది. బరువు మోసే తాడు వేరు, సామాను ఆపే తాడు వేరు. చూడ్డానికి మాత్రం రెండూ తాళ్లే. సామాను కూడా అంచు తాడుకు అడ్డం రాకుండా పెట్టుకోవాలి, పట్టుకోబోయిన చేతికి సీసా తగలకూడదు.

పాత తాడు ఎందుకు మార్చావని అడిగాను. కొక్కెం దగ్గర రాసుకున్న చోటు చూపించాడు. బయటికి బాగానే ఉంది. వంచితే లోపల పోగులు నూగులాగా లేచాయి. ఎండ, ఉప్పు, ఇసుక. ఎండ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా బావుల దగ్గర ప్లాస్టిక్ తాళ్లు రెండేళ్లకే పిండి అవుతాయి. మీరూ ఇంట్లో బావి తాడో ఊయల తాడో ఉంటే ఒకసారి కప్పీ దగ్గర, దూలం దగ్గర వంచి చూడండి. తెగేది అక్కడే.

కయాక్ అనే మాట ఉత్తర ధ్రువం దగ్గరి మంచు దేశాల ఇన్యూట్ వాళ్లదట. గ్రీన్‌లాండ్‌లో వేటగాళ్లు సీల్ తోలుతో పడవ తొడిగి, సీల్ తోలు వారులే డెక్ మీద బిగించేవారు. వాటికి ఎముక ముక్కలు గుచ్చేవారు, తడి చేతికి తోలువారు సులువుగా అందడానికి. చెట్టు లేని దేశం వాళ్లు. నీళ్లు లేని దేశం మాది. వాళ్లు రోజూ నీళ్లతో బతికారు గనక ఆ ఇల్మ్ తరం నుంచి తరానికి చేతుల మీదుగా వచ్చింది.

అంతా విని అబ్బా అడిగాడు.

"మనిషికి ఎక్కడ కడతారు?"

"ఏంది నానా?"

"మనిషికి. నడుముకు కడతారా, చేతికా?"

"మనిషికి కట్టరు నానా. కట్టనే కూడదు. నడుముకు ఒక గుడ్డ ఉంటాది, నీళ్లు లోపలికి పోకుండా తొర్రకు మూత లాగా బిగిస్తాం. దానికి కూడా ముందర ఒక కుచ్చు ఉంటాది. ఆ కుచ్చు లోపలికి మడతపడకుండా ప్రతిసారీ చూసుకోవాల. బోర్లా పడితే దాన్ని లాగితే మూత ఊడి మనిషి బయటపడతాడు. ఇంకో పడవను లాగేటప్పుడు నడుముకు బెల్టు కడతాం, దానికి కూడా ఒక్క గుంజుతో ఊడే బకిల్ ఉంటాది. ఒక్క చేత్తో, కళ్లు మూసుకుని విప్పలేని ముడి మనిషి ఒంటి మీద ఉండకూడదు. మొదటి రోజు నేర్పేది అదే."

ఒంటెను కట్టి తవక్కుల్ చేయమన్న హదీసు మనందరికీ తెలుసు. పిల్లలకు చెప్తాం, ఖుత్బాల్లో వింటాం. ఒంటెను కట్టమన్నారు గానీ మనిషిని ఒంటెకు కట్టమనలేదు. ఇన్నేళ్లలో నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆ వసారాలో కూర్చుని మొదటిసారి తట్టింది. పైకి అనలేదు. అబ్బా ముఖం చూశాక ఏమీ అనలేకపోయాను.

అబ్బా చాలాసేపు తాడు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మనవడితో, నాతో కాదు, మనవడితో అన్నాడు.

"మీ చిన్న నానాకు నేనే కట్టినా. ముడి జారిపోతాదని తాడును నీళ్లల్లో తడిపి కట్టినా."

నా కొడుకు నావైపు చూశాడు. నాకు ఆ సంగతి తెలియదు. గట్టు మీద నిలబడి అంతా చూశాననుకున్నాను. తాడు తడపడం చూడలేదు.

"నీకు ఎవరూ చెప్పలేదు కదా నానా" అన్నాడు వాడు.

"చెప్పలా" అన్నాడు అబ్బా. "మాకు ఎవరూ చెప్పలా."

అసర్ అజాన్ వినిపించింది. మగవాళ్లు లేచారు. అబ్బా కుర్చీ మీద నమాజు చదువుకుంటాడు, వాడు కుర్చీ తెచ్చి వేశాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఆటోలో ఖబరస్తాన్‌కు పోయి ఫాతిహా చదివి వచ్చారు. నన్ను తీసుకుపోలేదు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

సెలవు అయిపోయింది, వాడు దోహా పోయాడు. పోయే ముందు లైఫ్ జాకెట్ వేసుకోకుండా, తోడు లేకుండా నీళ్లలోకి దిగనని నా తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. వాడు పోయిన మర్నాడు మంచం చుట్టూ ఉన్న తాడు విప్పబోయాను. అబ్బా విప్పనివ్వలేదు. అప్పటి నుంచి అది అట్లాగే ఉంది. పొద్దున ఫజర్‌కు లేచేటప్పుడు దాన్ని పట్టుకుని లేస్తాడు. ముందు ఒకసారి వేలితో మీటి చూస్తాడు. వదులైతే నన్ను పిలుస్తాడు.